రంగుల నిజము చూపు తెర

బడిపంతులుద్యోగము చేసి విరమించిన నాకు కంప్యూటరు తెరను గూర్చి చెప్పుటకేమి యధికారమని మీకు తోపవచ్చును. మోసపోయి నేర్చుకొంటిని, అదియే నా యధికారము.

కీర్తిశేషురాలగు నా భార్యది రంగుల ఫోటో యొక్కటియే మిగిలినది. వెలసిన యా పటమును స్కాను చేయించి, మనుమని సాయమున ఇంటి కంప్యూటరుపై సవరించితిని. చీర మామిడిపండు రంగునకును, మోము చామనచాయకును వచ్చువఱకు మూడు రాత్రులు కూర్చుండితిమి. అచ్చువేయించి చూడగా చీర ఇటుకరంగయ్యెను, మోము నల్లబడెను. అచ్చువేసినవానిని నిందించితిని. అతడు నా ఫైలునే తన తెరపై తెఱచి చూపెను. అందును నల్లగనే యున్నది!

మా తెర నీలివైపు మొగ్గి, మితిమీఱిన వెలుగుతో నుండెనట. నీలమును చంపుటకై మేము ఎఱుపును పసుపును పెంచితిమి. వెలుగెక్కువని చిత్రమును చీకటి చేసితిమి.

అంగళ్ళలో తెర వెడల్పును, వెలుగును చూపి యమ్ముదురు. రంగుల పనికి ముందుగా ఐ.పి.ఎస్. జాతి తెరయా యని యడుగవలయును. చౌకయగు టి.ఎన్. తెరపై తల కొంచెమెత్తినను రంగు మాఱును. పిదప, 1996లో ఏర్పడిన ఎస్‌.ఆర్‌.జి.బి. అను వర్ణపరిధిని తెర దాదాపు నూటికి నూఱుపాళ్ళు చూపవలయును. 1998 నాటి అడోబీ ఆర్‌.జి.బి. పచ్చలలో ఇంకను విశాలము. ఇంటి పటములకు అంత యక్కఱలేదు. కోరిన రంగునకును, తెర చూపు రంగునకును గల దూరమును డెల్టా-ఇ యందురు. అది 2కు లోబడినచో భేదము సామాన్యముగా కంటికి తెలియదు.

ఎంత మంచి వీణయైనను శ్రుతి చేయక వాయింపరు గదా! తెరకును అంతే. కలరిమీటరను చిన్న పరికరమును గాజుపై నానించినచో, అది రంగులను కొలిచి, తెరను సరిదిద్దుటకు కంప్యూటరునకు లెక్క యిచ్చును. తెలుపును 6500 కెల్విన్లకును, వెలుగును చదరపు మీటరునకు 100, 120 క్యాండెలాల నడుమను నిలుపుట వాడుక. నెలకొకమాఱు మరల కొలువవలయును. కిటికీ వెలుగు తెరపై పడరాదు. పెద్ద తెరకై పెట్టు సొమ్ము కొంత తగ్గించియైనను ఈ పరికరమును కొనుడని నా మాట.

అట్లే చేసి, పటమును మరల సవరించి అచ్చువేయించితిని. ఈ మాఱు కాగితము తెరతో సరిపోయెను. సంతోషముతో మా యమ్మాయికి చూపితిని. ఆమె చాలసేపు చూచి, "అమ్మ చీర మామిడిపండు రంగు కాదు నాన్నగారూ, చేమంతిరంగు" అనెను.

మరల కూర్చుండవలసియున్నది.