సర్కారు అడవి: నూట యాభై ఏళ్ల వ్యాజ్యం



పల్నాడులో గానీ, విశాఖ మన్యంలో గానీ, నల్లమల అంచున గానీ ఊరు దాటి నడిస్తే ఒకచోట హద్దు రాయి కనిపిస్తుంది. దానికి ఇవతల రైతు పొలం, అవతల రిజర్వు ఫారెస్టు. ఆ రాళ్లు ఎప్పుడు పాతారు, ఎవరిని అడిగి పాతారు, పాతాక అడవికీ మనిషికీ ఏం ఒరిగింది అన్నదే ఇవాళ్టి ప్రసంగ విషయం.

కథ రైలుతో మొదలవుతుంది. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు, 1856లో మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు రైళ్లు కదిలాయి. మైలు పొడవు పట్టాల కింద పరచాలంటే 1,760 నుంచి 2,000 దాకా కొయ్య దిమ్మెలు, అంటే స్లీపర్లు, కావాలి. ఎండకూ వానకూ చెదకూ ఆగేవి టేకు, సాలు, దేవదారు. రైలుదారి వెళ్లినచోటల్లా గొడ్డళ్లు వెళ్లాయి. కొన్నేళ్లు తిరిగేసరికి, ఇలాగే కొడుతూ పోతే రేపటికి దిమ్మె దొరకదని దొరలకే భయం పట్టుకుంది. అడవిని కాపాడాలన్న ఆలోచన సర్కారులో బలపడటానికి పెద్ద కారణం ఆ భయమే. 1856లో హ్యూ క్లెగ్‌హార్న్ అనే వైద్యుణ్ణి మద్రాసు ప్రెసిడెన్సీ అడవులకు కన్సర్వేటరుగా నియమించారు. 1864లో దేశం మొత్తానికీ అటవీ శాఖ ఏర్పడింది. దాని మొదటి అధిపతి డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త. 1865లో ఒక చట్టం, అది చాలదని 1878లో మరింత గట్టి చట్టం వచ్చాయి.

ఆ రెండు చట్టాల మధ్య కాలంలో సర్కారు ఆఫీసుల్లోనే పెద్ద తగాదా నడిచింది. మన పాఠ్యపుస్తకాల్లో అది దాదాపు కనబడదు గనక ఇక్కడ కాస్త ఆగుదాం. బేడన్ పావెల్ అనే అధికారి వాదన ఇది: అడవి రాజుది, ఇప్పుడు రాజు స్థానంలో మేమున్నాం. ఊరివాళ్లు అడవిలో పశువులు మేపుకున్నా, కట్టె కొట్టుకున్నా అది రాజు చూపిన దయ. దయ హక్కు కాదు, కాగితం చూపించలేనివాడికి హక్కే లేదు. బ్రాండిసుది మధ్యేమార్గం. విలువైన అడవి కొంత సర్కారు ఉంచుకుని, మిగిలింది ఊళ్లకు వదలమన్నాడు.

మూడో గొంతు మన మద్రాసుది. 1871లో మద్రాసు రెవెన్యూ బోర్డు కొత్త అటవీ చట్టం బిల్లు మీద అభిప్రాయం రాస్తూ, ఈ ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి దాదాపు లేదని చెప్పింది. ఊళ్లవాళ్లు అనాదిగా అక్కడ గొడ్లను మేపుకుంటున్నారు, వంటచెరకు, నాగలికి కర్ర, పొలానికి పచ్చిరొట్ట తెచ్చుకుంటున్నారు, అది వాళ్ల హక్కే అని వాదించింది. ఈ మాట అన్నది ఏ ఉద్యమ నాయకుడో కాదు, శిస్తు వసూలు చేసే ఆంగ్లేయ అధికారులే. 1878 చట్టం తమకు వద్దని మద్రాసు ప్రభుత్వం పక్కన పెట్టింది.

కానీ పైనుంచి ఒత్తిడి తగ్గలేదు. బ్రాండిసు స్వయంగా మద్రాసు వచ్చాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం తయారైంది. ఫలానా అడవిని రిజర్వు చేయబోతున్నామని ప్రకటిస్తారు, హక్కులున్నవాళ్లు గడువులోగా సెటిల్‌మెంటు అధికారి ముందుకు వచ్చి రుజువు చేసుకోవాలి. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. అయితే అక్షరం ముక్క రాని కొండరెడ్డికి ఆ ప్రకటన ఎవరు చదివి వినిపిస్తారు? రుజువుగా ఆయన ఏం చూపిస్తాడు? గడువు దాటింది, హద్దు రాళ్లు దిగాయి, నిన్నటి దాకా తనదనుకున్న కట్టెపుల్ల ఇవాళ దొంగసొత్తు అయింది.

దీనికి జనం జవాబు 1922లో వచ్చింది. అదీ ఒకే ఏడాదిలో రెండు చోట్ల.

మొదటిది పల్నాడు. అడవిలో మేపుకునే పశువుకు తలకు ఇంతని కట్టే రుసుమును పుల్లరి అనేవారు. సహాయ నిరాకరణ వేడిలో పల్నాటి పల్లెలు పుల్లరి కట్టం పొమ్మన్నాయి. అధికారులు ఊళ్లోకి వస్తే సరుకు అమ్మేవారు లేరు, క్షవరం చేసేవారు లేరు, బట్టలు ఉతికేవారు లేరు. అక్కడికి వెళ్లిన కాంగ్రెస్ నాయకుడు ఉన్నవ లక్ష్మీనారాయణను జైల్లో పెట్టారు. ఆయన ‘మాలపల్లి’ నవల రాసింది జైల్లోనే. చౌరీచౌరా హింస తర్వాత ఫిబ్రవరిలో గాంధీజీ బార్డోలీలో ఉద్యమాన్ని ఆపేశారు. అదే నెలలో మించాలపాడులో పుల్లరి ఎదిరించిన కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు.

రెండోది మన్యం. అక్కడ అప్పటికే రగులుతున్న చరిత్ర ఉంది. 1879లో రంప కొండల్లో కల్లు మీద పన్నుకూ, మన్సబుదారు దోపిడీకీ విసిగి కొండ ఊళ్ల పెత్తందార్లయిన ముఠాదారులే తిరగబడ్డారు. ఆ తర్వాత అటవీ చట్టం వచ్చి పోడు మీద ఆంక్షలు పెట్టింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయిస్తూ కొండవాళ్ల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయింది. 1924 మే 7న ఆయన్ను కాల్చి చంపేదాకా పోరాటం సాగింది. పల్నాటి మైదానం రైతుకూ మన్యం కొండదొరకూ భాషలో, పంటలో, బతుకులో ఎంతో తేడా. ఇద్దరి మీదా పడింది మాత్రం ఒకే చట్టం.

నిజాం రాజ్యంలో అటవీ చట్టం వేరు, తీరు మాత్రం ఇదే. ఆదిలాబాదు అడవుల్లో రిజర్వు గీతలు గీసి గోండు గూడేలను ఖాళీ చేయించారు. జల్, జంగల్, జమీన్ అన్న నినాదం తలచుకోగానే గుర్తొచ్చే గోండు నాయకుడు కొమురం భీం 1940లో జోడేఘాట్ కొండల్లో ప్రాణాలిచ్చాడు. ఆ తర్వాత గానీ నిజాం ప్రభుత్వానికి అసలు గోండుల కష్టం ఏమిటో తెలుసుకోవాలని తోచలేదు. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. అప్పటికే నల్లమల చెంచుల మధ్య గడిపి వచ్చిన ఆయన, భూమీ అడవీ చేజారడమే తిరుగుబాటుకు మూలమని తేల్చాడు. 1946 ప్రాంతంలో హైదరాబాదు రాజ్యం గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక చట్టం తెచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చింది. హద్దు రాయి కదల్లేదు. 1952 జాతీయ అటవీ విధానం, అడవి పక్కన ఉన్నంత మాత్రాన ఆ ఊరి అవసరాలు జాతి ప్రయోజనానికి అడ్డు రాకూడదంది. జాతి ప్రయోజనం అంటే ఆచరణలో ఆనకట్టలు, గనులు, మిల్లులకు వెదురు. 1980కి ముందు ఏటా సగటున లక్షన్నర హెక్టార్ల అడవి ఇతర పనులకు మళ్లిందని కేంద్ర ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. పోడు కొట్టినవాణ్ణి అడవి దొంగ అన్న వ్యవస్థే, సంతకం ఒక్కటి పెట్టి లోయలకు లోయలు ఇచ్చేసింది.

ఈ పోకడకు కళ్లెం వేసినవి 1972 నుంచి 1980 దాకా వచ్చిన మార్పులు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1976లో అడవులు రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి మారాయి. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చాక, కేంద్రం అనుమతి లేకుండా అడవిని మరో పనికి వాడటానికి వీల్లేకపోయింది. మన నాగార్జునసాగర్ శ్రీశైలం ప్రాంతం 1978లో అభయారణ్యమై, 1983లో పులుల ప్రాజెక్టులో చేరింది. ఈ చట్టాలు లేకపోతే ఇవాళ నల్లమలలో పులి ఉండేదా అన్నది అనుమానమే. అదే అడవిలో పెంటలనే గూడేల్లో బతికే చెంచులకు మాత్రం తేనెకు వెళ్లాలన్నా, దుంప తవ్వుకోవాలన్నా ఆంక్షలు ఎదురయ్యాయి. విచిత్రమేమంటే పులి జాడ తీయడానికి అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో నియమించుకున్నవారిలో చెంచులే ముఖ్యులు. అడవి వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు మరి.

తొంభైల్లో వ్యాజ్యం ఢిల్లీకి చేరింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డులో ఏమని రాసి ఉన్నా, యజమాని ఎవరైనా, అడవి అన్న మాటకు తగ్గ నేల ఏదైనా అడవేనంది. ఆ మర్నాడే, డిసెంబరు 13న, బియాస్ నది ఒడ్డున రిసార్టు కోసం భూమి ఇచ్చిన కేసులో మరో తీర్పు వచ్చింది. నదులు, అడవులు, గాలి వంటివి ప్రజల ఉమ్మడి ఆస్తి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని అందులో కోర్టు చెప్పింది. గుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు, మాన్యాన్ని అమ్ముకునే అధికారం మాత్రం ఆయనకు ఉండదు. ప్రభుత్వ అడవి సంగతీ అంతే.

ఏడు నెలలు తిరగకుండా ఈ సూత్రానికి మన తెలుగు నేల మీద పరీక్ష వచ్చింది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల, గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చారు. ఏజెన్సీ, అంటే షెడ్యూల్డు ప్రాంతం, భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1/70 చట్టం చెబుతుంది. సర్కారు తన భూమి తాను ఇచ్చుకుంటే ఆ చట్టం అడ్డమా అన్నది ప్రశ్న. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ధర్మాసనం, ఒక న్యాయమూర్తి విభేదించినా, మెజారిటీతో తేల్చేసింది: ఆ చట్టం ముందు ప్రభుత్వమూ ఒక వ్యక్తే. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకు ఇవ్వడానికి వీల్లేదు. ఈ ప్రసంగంలో మీరు ఒక్క తీర్పే గుర్తుపెట్టుకోగలిగితే, సమత తీర్పు గుర్తుపెట్టుకోండి.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసింది. చారిత్రకంగా అన్యాయం జరిగిందని పార్లమెంటే ఒప్పుకుంది. సాగు చేసుకుంటున్న భూమికి నాలుగు హెక్టార్ల దాకా హక్కు పత్రం, ఊరందరికీ కలిపి అడవి మీద ఉమ్మడి హక్కు, నిర్ణయాల్లో గ్రామసభకు చోటు ఇచ్చింది. 2013లో ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలకే వదిలేయమని సుప్రీంకోర్టు అంటే, 12 గ్రామసభలు కూర్చుని 12కు 12 వద్దన్నాయి. 1871లో మద్రాసు అధికారులు రాసిన మాట అక్కడి డోంగ్రియా కోందు గిరిజనుల నోట తీర్మానంగా వచ్చింది.

మన రెండు రాష్ట్రాల్లో మాత్రం ఈ చట్టం ఎక్కువగా పోడు పట్టాల పంపిణీగా మిగిలిపోయింది. ఎన్నికలు దగ్గర పడితే పట్టాలు, దాటాక కందకాలు, మొక్కలు నాటే యంత్రాలు. ఊరి ఉమ్మడి హక్కు మీద చూపిన శ్రద్ధ చాలా తక్కువ. మధ్యలో నలిగింది ఎవరు? పంట పోగొట్టుకున్న ఆదివాసీ ఒకవైపు, ఆజ్ఞ పాటించడానికి వెళ్లిన చిరుద్యోగి ఇంకోవైపు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక రేంజి అధికారి ప్రాణమే పోయింది.

ఇక ఇటీవలి రెండు సంగతులు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు కేంద్ర కమిటీ సూత్రప్రాయంగా సరేనంటే, చెంచు పెంటల నుంచి హైదరాబాదు కాలేజీల దాకా వద్దన్న మాటే వినిపించింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానించింది. 2023లో కేంద్రం అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించింది. ప్రభుత్వ రికార్డులో అడవిగా నమోదు కాని నేలను చాలావరకు చట్టం బయటికి నెట్టే సవరణ అది.

ఆ రికార్డు తగాదా హైదరాబాదు నగరానికే వచ్చింది. కంచ గచ్చిబౌలిలో, కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని 400 ఎకరాలు. 2003లో ఒక ప్రభుత్వం దాన్ని ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు ఇచ్చింది. 2006లో మరో ప్రభుత్వం రద్దు చేసింది. ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి భూమి మళ్లీ సర్కారు చేతికి రాగానే వేలానికి సిద్ధమైంది. 2025 ఉగాది సెలవుల్లో బుల్‌డోజర్లు దిగాయి. జింకలు, నెమళ్లు చెల్లాచెదురయ్యాయి, విద్యార్థులు అడ్డం పడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని చెట్ల నరికివేత ఆపించింది. రికార్డులో అది అడవి కాదు, సర్కారు భూమి అన్నది ప్రభుత్వ వాదన. బేడన్ పావెల్ మాటకు ఇంకా ఆయుష్షు తీరలేదన్నమాట.

శ్రోతలారా, ఈ చరిత్ర నుంచి నేను తీసే సారం ఇది. సర్కారు చేతిలో ఉన్నంత మాత్రాన అడవి క్షేమంగా ఉండదు. జనాన్ని వెళ్లగొట్టినా క్షేమంగా ఉండదు. గట్టి చట్టం, దాన్ని అడిగే ఊరు, రెండూ ఉన్నచోటే అడవి మిగిలింది. బొర్రాలో, నియమగిరిలో, నల్లమలలో జరిగింది అదే. పార్టీ ఏదైనా, కుర్చీలో కూర్చున్నవారికి ఖాళీ నేల ఖజానాగానే కనిపిస్తుంది. కాబట్టి కాపలా మన పనే.

అది పెద్ద పనేమీ కాదు. మీ ఊరి అడవి, మేత బీడు, చెరువు శిఖం, పోరంబోకుల సర్వే నంబర్లు తెలుసుకోండి. అవి 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేవో సమాచార హక్కు కింద అడగండి. గ్రామసభ పెట్టిన రోజు పొలం పని ఒక్క పూట వాయిదా వేసుకుని వెళ్లి కూర్చోండి, మీ మాట తీర్మానంలోకి ఎక్కించండి. ధర్మకర్తను లెక్క అడిగే హక్కు మీకుంది, అడగండి.