చిన్న పెట్టెలో వాల్వు వెలుగు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



మన సంఘపు వేడుకలలో సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో పెద్దలు ప్రసంగించుట ఆచారము. ఆ రెండింటిలోను నాకు పాండిత్యము లేదు. తీగెలు, మీటర్లు, సోల్డరింగు ఇనుము పట్టుకొని తిరుగువాడను. కావున కార్యదర్శిగారు మాటాడుమని కోరినప్పుడు, పాట మన చెవికి చేరు దారిలో నున్న ఒక చిన్న యంత్రమును గూర్చి చెప్పెదనని ఒప్పుకొంటిని. అది అరచేతిలో ఇముడు వాల్వు హెడ్‌ఫోను ఆంప్లిఫయరు. మన కాలనీలో ఇద్దరు ముగ్గురు మిత్రులు దానిని కొనదలచి, "ఆ డబ్బు పెట్టవచ్చునా?" అని నన్నడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగము.

వాల్వు అనగానే మన పెద్దలకు ఇంటిలోని పాత రేడియో జ్ఞాపకము వచ్చును. మీట త్రిప్పిన వెంటనే అది పలికెడిది కాదు. లోపలి గాజుబుడ్లు వేడెక్కువరకు అర నిమిషము వేచియుండవలెను. ఆ తరువాత మెల్లగా, దూరమునుండి నడచి వచ్చినట్లుగా, కంఠము వినవచ్చెడిది. 1938లో ప్రారంభమైన మదరాసు కేంద్రమును, 1948లో ప్రారంభమైన విజయవాడ కేంద్రమును మన పూర్వులు అట్టి పెట్టెలలోనే వినిరి. ఈ దీవులలో ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. అప్పటికే ట్రాన్సిస్టరు రేడియోలు రంగములోనికి వచ్చి, వాల్వులను నెమ్మదిగా మూలకు నెట్టుచుండెను.

వాల్వు చరిత్ర పొడవైనదేమియు కాదు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు దానిలో మూడవ ధ్రువమును చేర్చెను. ఆ మూడవదే గ్రిడ్డు. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో కాథోడు వేడెక్కినప్పుడు ఎలక్ట్రానులు వెలువడి ప్లేటు వైపు పరుగెత్తును. నడుమ నున్న గ్రిడ్డు కాలువమీది తూము తలుపు వంటిది. దానిపై చిన్న విద్యుత్తు కదలిన చాలును, పెద్ద ప్రవాహము హెచ్చు తగ్గులు పొందును. ఇదియే ఆంప్లిఫయరు రహస్యము. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టుటతో వేడిలేకుండ, గాజులేకుండ ఆ పనియే జరుగుట సాధ్యమైనది.

హెడ్‌ఫోను కథకును మన దీవులవంటి చోట్లకును ఒక చుట్టరికమున్నది. 1910లో నతానియేలు బాల్డ్విను అనునాతడు తన వంటయింటిలో చేసిన హెడ్‌ఫోనులను అమెరికా నౌకాదళము కొన్నది. ఓడలలో బలహీనములైన సంకేతములను వినుట కవి కావలసివచ్చెను. నేడు మన క్వార్టర్లలో వాటి అవసరము వేరు. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో పిల్లల పరీక్షలు. గోడకావల పొరుగువారి నిద్ర. పాట వినదలచిన గృహస్థునకు హెడ్‌ఫోనే శరణ్యము.

ఇక ఈ చిన్న పెట్టెలలో నేమున్నదో చూతము. తక్కువ వెలకు దొరకు పెట్టెలు చాలవరకు మిశ్రమ జాతివి. ముందు భాగమున ఒకటి రెండు చిన్న వాల్వులు, తరచుగా 6జె1 అనునవి, వోల్టేజీని పెంచును. హెడ్‌ఫోనును నడుపు బరువుపని వెనుకనున్న ట్రాన్సిస్టర్లో, చిప్పులో చేయును. 6జె1 కొత్తది కాదు. 6ఏకె5 అను పాత వాల్వునకు చైనా దేశపు సమానము. దాని వేడితీగెకు 6.3 వోల్టులు, సుమారు 175 మిల్లీ ఆంపియర్లు చాలును. ఐతే ప్లేటుకు నూరు వోల్టులకు పైబడి ఇచ్చుట పాత పద్ధతి. కొన్ని చవుక పెట్టెలలో దానికి ఇరువది ముప్పది వోల్టులే అందించి సరిపెట్టుదురు. అట్టి వాల్వు ఆకలితో పనిచేయు కూలివంటిది. మరికొన్నింటిలో వాల్వు క్రింద ఒక చిన్న ఎర్ర దీపమును అమర్చుదురు. చూచువారు అది వాల్వు వెలుగే యనుకొందురు. దీపము పాడదని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

వాల్వు శబ్దము మధురమని చెప్పుటకు కారణము లేకపోలేదు. మంచి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు మూలధ్వనిని దాదాపు మార్పులేకుండ అందించును. వాల్వు మూలస్వరమునకు పైస్థాయిలోని అదే స్వరమును కొద్దిగా కలుపును. తంబురాతో శ్రుతి కలిసిన కంఠమువలె అది కొందరి చెవికి ఇంపుగా నుండును. కాని అది చేర్పే గాని, పాటలో ముందే యున్న సొత్తు కాదు. పాయసములో చక్కెర పెంచినవారు బియ్యము మేలైనదని చెప్పరాదు గదా!

నేనట్టి పెట్టె నొకదానిని ఏడువేల చిల్లరకు తెప్పించితిని. కారణము మా నాన్నగారు. ఆయన శ్రీకాకుళము జిల్లాలోని మా గ్రామములో ధనుర్మాసమున రామాలయములో పోతన భాగవత పద్యములు చదివెడివారు. 1986లో మా మామయ్య టేపురికార్డరుతో ఒక గంటసేపు ఆయన కంఠమును పట్టి ఉంచెను. నాన్నగారు గతించిన తరువాత ఆ కాసెట్టు ఒక్కటే మిగిలినది. దానిని నేను కంప్యూటరులోనికి ఎక్కించి, మాతో నివసించు అమ్మకు హెడ్‌ఫోనులో వినిపించుచుంటిని.

క్రొత్త పెట్టె వచ్చిన నాడు అమ్మ చెవులకు హెడ్‌ఫోను తగిలించితిని. ఆమె కన్నులు మూసికొని కొంతసేపు విని, "ఇందులో మీ నాన్నగారు దగ్గర కూర్చుని చదివినట్టుందిరా" అన్నది. నాకు మాట రాలేదు. ఏడువేలు కాదు, డెబ్బదివేలైనను దండుగ కాదనిపించెను.

కాని మీటరు పట్టినవానికి సందేహము స్వభావము. నాలుగు రోజుల తరువాత పరీక్షకు కూర్చుంటిని.

మొదటి పరీక్ష గోల. పాట లేనప్పుడు వాల్యూము పెంచి వినవలెను. నా పెట్టెలో తుమ్మెద రొదవంటి హమ్ వినిపించెను. నేను వెంటనే అమ్మినవారికి కోపముగా ఒక లేఖ వ్రాసితిని. మరునాడు కంప్యూటరు ప్లగ్గు తీసివేసి, బ్యాటరీమీద నడచు ఫోనునుండి పాట పంపగా హమ్ మాయమయ్యెను. దోషము పెట్టెది కాదు. ఒకే బోర్డుకు రెండింటిని తగిలించి, భూమితీగె చుట్టుదారి పట్టునట్లు చేసిన నాది. క్షమాపణ లేఖ వ్రాయవలసివచ్చెను. పెట్టె పైకప్పును వ్రేలితో తట్టినప్పుడు చెవిలో గంట మ్రోగినట్లు వినిపించుట మాత్రము వాల్వుల సహజగుణము. బల్లమీద ఫాను అదరు చోట దానిని ఉంచరాదు.

రెండవ పరీక్ష శక్తి. ఇందులో గుణకారము చాలును. వోల్టేజీ వర్గమును ఓములతో భాగించిన శక్తి వచ్చును. సామాన్యమైన 32 ఓముల హెడ్‌ఫోనుకు ఒక వోల్టు ఇచ్చినచో 31 మిల్లీవాట్లు. ఒక మిల్లీవాటుకు 100 డెసిబెల్సు పలుకు హెడ్‌ఫోను అప్పుడు 115 డెసిబెల్సు వరకు పలుకును. అది చెవికి హాని చేయు మోత. అనగా, ఒక వోల్టు ఇయ్యగల ఫోనో, ఫోనుకు తగిలించు వ్రేలెడు పరికరమో ఉన్నవారికి శక్తికొరకు వేరొక ఆంప్లిఫయరు అక్కరలేదు. 300 ఓముల హెడ్‌ఫోనుకు ఆ ఒక్క వోల్టుతో 3.3 మిల్లీవాట్లే వచ్చును. అట్టి హెడ్‌ఫోను గలవారికి ఆంప్లిఫయరు నిజముగా ఉపకరించును.

మూడవది పెట్టె లోపలి నిరోధము. ఇది హెడ్‌ఫోను ఓములలో ఎనిమిదవ వంతుకు మించరాదని వాడుకలో నున్న లెక్క. 32 ఓములకు 4 ఓములు. పూర్తిగా వాల్వులతోనే నడచు కొన్ని ఆంప్లిఫయర్లలో ఇది పదుల ఓములుండును. అవి 300 ఓములకు తగును గాని, చిన్న హెడ్‌ఫోనుకు తగిలించినప్పుడు మృదంగపు తొప్పి బరువెక్కి మసకబారవచ్చును. కొనుటకు ముందు కాగితముమీద ఈ ఒక్క అంకె అడిగి తెలిసికొనుడు. చెప్పని అమ్మకందారునివద్ద జాగ్రత్త.

నాలుగవది అన్నింటికంటె కఠినము: చెవి సాక్ష్యము. కొంచెము బిగ్గరగా పలుకునది మేలైనదని మనస్సు నమ్మును. అందుచేత 200 హెర్ట్జుల స్వరమును పంపి, మల్టీమీటరుతో రెండు పరికరముల వోల్టేజీని నూటికి ఒక వంతు తేడాలోపల సమానము చేసితిని. తరువాత మా అబ్బాయి తెర వెనుక నాణెము ఎగురవేసి, ఏది పడిన దానిని తగిలించెను. పదిసార్లు విని, ఏది వాల్వో, ఏది ఫోనుకు తగిలించిన పరికరమో నేను చెప్పవలెను. ఊహతో చెప్పినను సగటున ఐదు ఒప్పగును. తొమ్మిదో పదో ఒప్పైననే తెలిసి చెప్పినట్లు. నాకు ఆరు ఒప్పైనవి. అనగా నాకు తెలియలేదు.

అమ్మను కూడ కూర్చుండబెట్టితిని. ధ్వని సమానము చేయకముందు ఆమె ప్రతిసారియు బిగ్గరగా పలుకు దానినే మెచ్చుకొన్నది. సమానము చేసిన పిమ్మట, "రెండూ మీ నాన్నే కదరా, ఏం తేడా?" అన్నది.

ఆ మాటకు నేను నవ్వితిని గాని, ఆ సాయంకాలమే ఒక సంగతి నన్ను కలవరపెట్టెను. అమ్మ విను వాల్యూములో నేను హెడ్‌ఫోను పెట్టుకొనగా చెవులు గింగురుమన్నవి. పద్యములో "స"కార "శ"కారములు ఆమెకు వినబడుట లేదని అప్పుడు గ్రహించితిని. ఇన్నాళ్లును కాసెట్టు పాతదని, హెడ్‌ఫోను చవుకదని వస్తువులనే నిందించుచు వచ్చితిని. వంటయింటినుండి పిలిచిన పలుకకపోవుటను అలకగా భావించితిని. చెవి వైద్యునికి చూపగా, హెచ్చు శ్రుతులలో వినికిడి తగ్గినదని పరీక్షాపత్రములో గీత స్పష్టముగా దిగిపోయి కనబడెను. ఇప్పుడామె చెవి యంత్రము ధరించినది. హెడ్‌ఫోను అక్కరలేకుండ చిన్న స్పీకరులోనే ఆ పద్యములు వినుచున్నది. మొదటి రోజున, "ఈయన మధ్యలో ఊపిరి తీసుకునేవారని మరిచేపోయాను" అన్నది.

ఈ సందర్భమున ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కను మనవి చేయుదును. పెద్దలు 80 డెసిబెల్సు ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. ప్రతి మూడు డెసిబెల్సుకు ఆ కాలము సగమగును. 90 డెసిబెల్సైన నాలుగు గంటలే. బలమైన ఆంప్లిఫయరును పిల్లల చేతికిచ్చువారు ఇది మరువరాదు.

ఐదవ పరీక్ష మన దీవులు పెట్టునది. ఇక్కడ రెండు ఋతుపవనముల వాన, ఉప్పుగాలి. వాల్వు కాళ్లు మసకబారి చిటపట శబ్దము చేయును. పెట్టెను ఆర్పి, చల్లారిన పిదప వాల్వును నిటారుగా పైకి లాగి, ఐసోప్రొపైలు ఆల్కహాలుతో కాళ్లు తుడిచిన చాలును. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లముతో మూతగల డబ్బాలో ఉంచుట మేలు. విద్యుత్తు తరచుగా పోయి వచ్చు చోట, కరెంటు వచ్చి నిలకడయైన తరువాతనే పెట్టెను వెలిగించవలెను. వాల్వు చెడినచో ప్రక్కవీధిలో దొరకదు; ప్రధాన భూమినుండి రావలెను. కావున కొనునాడే అదనపు జత నొకదానిని తెప్పించుకొనుడు. ఒక హెచ్చరిక: మెయిన్సు కరెంటుతో నడచు వాల్వు ఆంప్లిఫయరు మూతను తెలియనివారు విప్పరాదు. ప్లగ్గు తీసినను కండెన్సర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును.

ఇక నా తీర్పు. ఫోనులో పాటలు విను సామాన్య గృహస్థునకు ఈ పెట్టె అవసరము లేదు. ఆ సొమ్ముతో మంచి హెడ్‌ఫోను కొనుట లాభము. ధ్వనిలో తేడా ముందుగా అక్కడనే తెలియును. 300 ఓముల హెడ్‌ఫోను ఉన్నవారు, వాల్వు వెచ్చదనముమీద మక్కువ గలవారు, హమ్ లేనిది, నిరోధపు అంకె చెప్పబడినది చూచి కొనుక్కొనవచ్చును. నా పెట్టె చెడ్డది కాదు. రాత్రివేళ ఇల్లు నిద్రించిన తరువాత దానిని వెలిగించి ఘంటసాలవారినో, బాలమురళిగారినో వినుచుందును. ఆ వెలుగు నాకు ఇష్టము. ఇష్టమును ఇష్టమని చెప్పుకొనుటలో తప్పు లేదు. దానిని గుణమని అమ్ముటలోనే తప్పున్నది.

మన ఇండ్లలో పాత కాసెట్టులు ఇంకను ఉండవచ్చును. తాతగారి పద్యమో, అమ్మమ్మ జోలపాటయో, పెండ్లినాటి నాదస్వరమో వాటిలో ఉండును. ఈ గాలిలో ఆ నాడాలు బూజుపట్టుచున్నవి. ఆంప్లిఫయరు కొనుట ఒక యేడాది ఆగవచ్చును, అవి ఆగవు. ముందు వాటిని కంప్యూటరులోనికి ఎక్కించుడు. తరువాత ఇంటిలోని పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టి, వారికి వినబడుచున్నదో లేదో అడుగుడు. పరికరమును పరీక్షించుటకు ముందు చేయవలసిన పరీక్ష అది.