చాటింపు, రచ్చ



పూర్వము మన యూళ్లలో మాట నడచుటకు రెండు త్రోవలుండెడివి. మొదటిది చాటింపు. తలారి తప్పెట కొట్టి, శిస్తు గడువు రేపటితో సరియని చాటి పోవును. వానికి మారు పలుకువారుండరు. రెండవది రచ్చ. చెట్టునీడ నలుగురు కూర్చుండి యొక విషయమును త్రిప్పి త్రిప్పి చూతురు. చాటింపు లేనిచో గడువు తప్పును. రచ్చ లేనిచో తెలివి మొద్దువారును. ఈ రెంటికిని పాలు కుదుర్చుట పండితసభలకు సైతము తప్పని పని.

మన సీమలోనే దీనికి దృష్టాంతము కలదు. శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. 1911లో మదరాసున నేర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారు ముందు నిలువగా, గ్రాంథికభాషను సమర్థించెను. గిడుగువారు వ్యావహారికము పక్షమున నిలిచి 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను వెలువరించిరి. తమ మతమిది యని చాటి తృప్తి పడలేదు. పూర్వగ్రంథములనుండి ప్రయోగములనేరి చూపిరి. గ్రాంథికవాదులే తమ నియమములను తప్పిన తావులను ‘గద్యచింతామణి’లో ఎత్తి చూపిరి. ప్రతిపక్షులును బదులు చెప్పిరి. నేడు పత్రికలును పాఠ్యపుస్తకములును మన నోటి తెలుగునకు దగ్గరగా నున్నవన్న, అది చాలవరకు ఆ రచ్చ ఫలమే. ఈ మాటను నేను గ్రాంథికమున చెప్పుట మీకు నవ్వు పుట్టింపవచ్చును. అలవాటు పడిన నాలుక!

ప్రకటనలను నేను చిన్నచూపు చూడను. సభ యెప్పుడో, క్రొత్తపుస్తకమేదో తెలియనిదే దూరపు పల్లెలోని చదువరి రచ్చకు రానేరడు. చిక్కొక్కటే. ప్రకటన నిమిషములో వ్రాయవచ్చును. ప్రశ్నకు బదులు వ్రాయుటకు పది పుస్తకములు తిరగవేయవలెను. కావున అదుపులేని ప్రకటనలు గరికవలె ప్రాకి పైరును కప్పును. మాట్లాడదలచినవాడు లేచి పోవును.

దీనికి నాకు తోచిన కట్టుబాట్లు మూడు. ప్రకటనలన్నియు సభ మొదటనే, ఒక్కొక్కటి ఒక్కసారి, తేదీయు చోటును మాత్రము చెప్పి ముగింపవలెను. ప్రకటించినవాడు ఒక ప్రశ్నకైనను బదులు చెప్పి కదలవలెను. చర్చలో, ఎదుటివాని మాటను వాడొప్పునట్లు తిరిగి చెప్పిన పిమ్మటనే ఖండింపవలెను.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. మన ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెన్ని యిండ్లను కూల్చినదో మీకు తెలియును. 2023 డిసెంబరులో హిరమండలము జలాశయమునుండి త్రాగునీరు తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, పరిశోధనకేంద్రమును ప్రారంభించిరి. అవి మంచి ప్రకటనలు. కాని వ్యాధి మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. అది తేలవలెనన్న వైద్యులడుగవలెను. మనము చెప్పవలెను: ఏ బావి నీరు త్రాగితిమి, ఎండలో ఏ పని చేసితిమి, ఎన్నేండ్లు చేసితిమి. మనము చెప్పినదానినుండి వారేమి గ్రహించిరో తిరిగి వచ్చి మనకు చెప్పవలెను. చాటింపుతో ఆసుపత్రి తలుపు తెరచుకొనును; కారణము తెలియుటకు రచ్చయే కావలెను.

ఇంట గెలిచి రచ్చ గెలువుమనిరి పెద్దలు. కంచిలి మొదలు కడలియొడ్డు పల్లెల వరకు, ఈసారి మీ యూర సభ జరిగినపుడు ప్రకటనలు ముగిసినవెంటనే లేచి పోకుడు. ఒక్క ప్రశ్న వేసి, బదులు విని, పిమ్మట ఇండ్లకు వెళ్లుడు.