ఓడ కంటే ముందు వచ్చే ఉత్తరం

1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవుకు ఇప్పుడు ఓడ కంటే ముందు ఈమెయిల్ వస్తుంది. రాక నోటీసు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రసీదు) ప్రతి, డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల పత్రం), అన్నీ సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు ఇన్‌బాక్స్‌లోనే. వాటి మధ్యే బ్యాంకు ప్రకటనలు, సెమినార్ ఆహ్వానాలు! రాక నోటీసు ఒక్కటి వాటి అడుగున పడిపోయి ఉచిత గడువు దాటితే, కంటెయినర్‌కు రోజుకింత అని డెమరేజీ (ఆలస్య రుసుము) పడుతుంది. ఉత్తరాలను వాటంతట అవే వేరయ్యేలా చేసే ఫిల్టర్ విలువ ఇక్కడివాళ్లకు డబ్బుల్లోనే తెలుస్తుంది.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైట్ చోటుతో వచ్చింది. అంత చోటు ఉండటంతో పాత ఉత్తరాలు తుడిచే అలవాటు తగ్గింది, వాటి కుప్ప పెరిగింది.

ఫిల్టర్ పెట్టడం తేలికే. కంప్యూటర్‌లో జీమెయిల్ సెర్చ్ పెట్టె కుడి చివర గుర్తు నొక్కి, పంపినవారి చిరునామా గానీ సబ్జెక్టులోని మాట గానీ రాసి, ‘క్రియేట్ ఫిల్టర్’ ఎంచుకోవాలి. షిప్పింగ్ లైన్ల ఉత్తరాలకు ఒక లేబుల్ ఇచ్చి, స్పామ్‌లోకి పంపవద్దని చెప్పాలి. ప్రకటనలకు ఇంకో ఫిల్టర్ పెడితే అవి ఇన్‌బాక్స్‌కు రాకుండా నేరుగా ఆర్కైవ్‌కు పోతాయి. ఉక్కు కర్మాగారానికి ఆస్ట్రేలియా నుంచి బొగ్గు తెచ్చే ఓడైతే, దాని పేరే ఫిల్టర్ మాట. సరుకు దిగాక ఆ ఫిల్టర్ తీసేయొచ్చు.

‘డిలీట్’ ఆజ్ఞ మాత్రం తొందరపడి ఇవ్వకూడదు. ‘కంటెయినర్’ లాంటి మాట ప్రకటనలోనూ ఉంటుంది, అసలు నోటీసులోనూ ఉంటుంది. పొరపాటున పోయినది ట్రాష్‌లో 30 రోజులే దొరుకుతుంది.