కెనరీ పిట్ట, గోడ మీది నాచు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



వానాకాలంలో మన బడి గోడకు పట్టిన నాచును సారు భూతద్దంలో చూపించి "ఇది ఫ్యునేరియా" అన్నారు. "దీంతో ఏం లాభం సార్?" అని వెనుక బెంచీ నుంచి అడిగింది నేనే. అందరూ నవ్విన్రు. ఆ తర్వాత నేను ముప్పై ఏండ్లు వృక్షశాస్త్రమే చెప్పి బతికాను. ఆ సారు ఇయ్యాళ లేరు. జవాబు మీకు చెప్తాను.

మనం బొగ్గుబాయి పిల్లలం కనుక ముందు కెనరీ పిట్ట సంగతి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. దాన్ని పసిగట్టడానికి గనిలోకి చిన్న ప్రాణిని తీసుకెళ్లమని 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ సూచించారు. బ్రిటన్ గనుల్లో కెనరీలు 1986 దాకా ఉన్నాయి. పీల్చినప్పుడూ వదిలినప్పుడూ పిట్ట ఊపిరితిత్తుల్లో కొత్త గాలే పారుతుంది. అందుకే విషం మనకంటే ముందు దానికి ఎక్కుతుంది. పాట ఆగి పిట్ట తూలితే కార్మికులు వెనుదిరిగేవారు. దాన్ని బతికించుకోవడానికి కొన్ని పంజరాలకు చిన్న ఆక్సిజన్ సిలిండర్ కూడా అమర్చారు.

నాచు పాడదు, పడిపోదు. దానికి నిజమైన వేర్లు లేవు. ఆకు చాలావరకు ఒక్క కణం మందం. వాననీటిలో, దుమ్ములో ఏముంటే అది నేరుగా లోపలికి చేరి నిలుస్తుంది. 2013లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చెట్ల మీది ఆర్థోట్రైకమ్ లయెల్లీ అనే నాచు నమూనాలు 346 సేకరించారు. రంగు గాజు తయారుచేసే చోట్ల దగ్గర కాడ్మియం ఎక్కువగా ఉందని ఆ నాచే బయటపెట్టింది.

గాలికి తలుపు వేసుకోలేకపోవడం రెండింటికీ ఉన్న గుణం. పిట్ట నిమిషాల్లో చెప్తుంది. నాచు ఏండ్ల లెక్క దాచిపెడుతుంది, అడిగితేనే చెప్తుంది.

మా బాపు బాయిలో పనిచేసిండు. గ్యాస్ ఉంటే సేఫ్టీ ల్యాంపు మంట చూసి గుర్తుపట్టేవాడు. దుమ్ము మాత్రం కొంచెం కొంచెంగా చేరింది. ఆ దగ్గును మేం "బాయి దగ్గే కదా" అని వదిలేసినం. ఎక్స్‌-రే తీయించేసరికి ఆలస్యమైంది.

మీ ఇంట్లో బాయి నుంచి దిగిన పెద్దలుంటే, దగ్గు పాతదే అనుకోకండి. ఒక్కసారి ఛాతీ ఎక్స్‌-రే తీయించండి. నన్ను ఆ భూతద్దం దగ్గరికి పిలిచిన సారుకు దండం పెట్టి సెలవు తీసుకుంటున్నాను.