ఒంట్లో పులుపు: మనం తెలుసుకోవలసిన లెక్క



నేను డాక్టరును కాను. ఫైళ్ళతో, లెడ్జర్లతో సర్వీసు గడిపిన గుమాస్తాను. డాక్టర్ల వద్ద విన్నదీ, చదివి తెలుసుకున్నదీ నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మనలో చాలామందికి ఎసిడిటీ అంటే గుండెల్లో మంట, పుల్లని త్రేన్పులు. అది కడుపులోని సంగతి. అన్నం అరగడానికి అక్కడ ఆమ్లం ఉండవలసిందే. రక్తంలో, ఇతర దేహద్రవాల్లో ఆమ్లం మితిమీరడం వేరు. దానిని వైద్యులు 'ఎసిడోసిస్' అంటారు. అది ముదిరితే ప్రాణానికే ముప్పు. చింతపండు పులుసు తిన్నంత మాత్రాన అది రాదు.

పులుపును కొలిచే పి.హెచ్. అనే కొలమానాన్ని 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టారు. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. మన రక్తం 7.35, 7.45 మధ్య ఉండాలి. ఇందుకోసం ఒంట్లో నిత్యం జమాఖర్చు నడుస్తుంది. తిన్నది శక్తిగా మారేటప్పుడు ఆమ్లం జమపడుతుంది. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతాయి. మూత్రపిండాలు మిగిలిన ఆమ్లాన్ని మూత్రంలో పంపి, బైకార్బొనేట్ అనే క్షారాన్ని నిలవ ఉంచుతాయి. ఈ రెండు శాఖల్లో ఏది కుంటుపడినా బాకీ పేరుకుంటుంది.

ఊపిరితిత్తుల జబ్బు ముదిరితే వాయువు లోపలే నిలుస్తుంది. మూత్రపిండాలు దెబ్బతింటే ఆమ్లం బయటికి పోదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఎరిగిన జబ్బు ఈ మూత్రపిండాలదే. విరేచనాలు ఎక్కువైతే క్షారం పోతుంది. ఇక మధుమేహంలో ఇన్సులిన్ బాగా కొరవడితే ఒళ్ళు కొవ్వును కరిగించి కీటోన్లనే ఆమ్లాలను తయారు చేసుకుంటుంది.

మా వీధిలో ఒక పెద్దాయనకు జ్వరం వచ్చింది. "అన్నమే తినడం లేదు, ఇంజక్షన్ దేనికి?" అని ఇన్సులిన్ మానేశారు. నాలుగో రోజుకు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. గ్యాస్ అనుకొని ఇంట్లోవారు సోడా తాగించారు. కోడలు పట్టుబట్టి ఆస్పత్రికి చేర్చబట్టి సెలైను, ఇన్సులిన్‌లతో గట్టెక్కారు. జ్వరంలో ఇన్సులిన్ అవసరం తగ్గకపోగా పెరగవచ్చునట! ఆ ఆయాసం, ఆమ్లాన్ని ఊపిరి ద్వారా వదిలించుకోవడానికి ఒళ్ళు పడే తాపత్రయం. మధుమేహ రోగుల్లో ఈ లోతైన శ్వాసను 1874లోనే జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ వర్ణించారు.

కనుక నా మనవులు ఇవి:

1. జ్వరమొచ్చినా, తిండి తగ్గినా డాక్టరును అడగకుండా ఇన్సులిన్ మానవద్దు.

2. మెట్‌ఫార్మిన్ వాడేవారు వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆ మాత్ర వేసుకోవచ్చునా అని వెంటనే అడగండి.

3. మూత్రపిండాల జబ్బున్నవారు క్రియాటినిన్‌తోపాటు బైకార్బొనేట్ పరీక్ష సంగతీ అడగండి. వంటసోడా సొంతంగా మింగవద్దు. అందులోని సోడియం వల్ల ఒళ్ళు నీరు పట్టవచ్చు, రక్తపోటు పెరగవచ్చు.

4. లోతైన ఆయాసం, మగత, మాట తడబాటు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఈ నాలుగూ మీ ఇంట్లో వారికి కూడా చదివి వినిపించండి. ఆ వేళకు మనం చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు.