అలవాటు – ఆంగ్లములో దాని దారులు

తెలుగులో “అలవాటు” అన్నది ఒక్క మాటయే అయినా, అది చేయు పనులు రెండు. “చిన్ననాడు తెల్లవారుజామున కాలువ స్నానము నాకు అలవాటు” అన్నప్పుడు గడచిపోయిన దినచర్యను చెప్పుచున్నాము. “ఎంత చలిలోనైనా కాలువ స్నానము నాకు అలవాటే” అన్నప్పుడు, కష్టము తోపనంతటి పరిచయమును చెప్పుచున్నాము. వినువారు సందర్భమును బట్టి భేదమును గ్రహింతురు. ఆంగ్లములో ఈ రెండు భావములకు వాక్యములు వేరు. అయితే రెండింటిలోను “యూజ్డ్ టు” అనునవే కనబడును. మన విద్యార్థులు తడబడునది అక్కడనే.

కోనసీమవారికి తెలిసిన ఉదాహరణమునే తీసికొందము. ఎదుర్లంక, యానాముల నడుమ గౌతమిపై వంతెన 2002లో ప్రారంభమైనది. అంతకు ముందు అక్కడ ఏరు దాటవలెనన్న పంటో, పడవో ఎక్కవలసినదే. ఆ రోజులను తలచుకొను పెద్దలు ఆంగ్లములో, “వుయ్ యూజ్డ్ టు క్రాస్ ద రివర్ బై బోట్” అనవలెను. అనగా, “పడవపై దాటేవారము.” ఇప్పుడా అవసరము లేదన్న ధ్వని అందులోనే ఉన్నది. తెలుగులో “దాటేవారము, తినేవాడను, పాడేది” అని చెప్పదగిన చోట్ల ఆంగ్లమున “యూజ్డ్ టు” పెట్టి, దాని వెనుక క్రియ మూలరూపమును ఉంచిన చాలును.

ఇక లంక గ్రామమున నివసించుచు, నిత్యము పడవ ఎక్కువారి మాట వేరు. వారనవలసినది, “వుయ్ ఆర్ యూజ్డ్ టు క్రాసింగ్ ద రివర్ బై బోట్” అని. మార్పులు రెండే: ముందు “ఆర్” చేరినది, “క్రాస్” అన్నది “క్రాసింగ్” అయినది. ఇక్కడి “టు” మన “కు” విభక్తి వంటిది: “దాటుటకు అలవాటుపడి యున్నాము.” కనుకనే దాని తరువాత నామవాచకమును కూడ ఉంచవచ్చును: “ఐ యామ్ యూజ్డ్ టు ద హీట్” – ఎండ నాకు అలవాటే. క్రొత్తగా అలవాటు పడుచున్నప్పుడు “యామ్” తరువాత “గెటింగ్” చేర్చి, “ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు ద హీట్” అందురు.

ఇంత చిన్న భేదమునకు ఇంత పట్టింపు ఎందుకని అడుగవచ్చును. రాజోలు ప్రాంతపు యువకుడొకడు గల్ఫు దేశమున ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయుచున్నాడనుకొందము. రాత్రి పని తనకు కష్టము కాదని చెప్పదలచి, “ఐ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్” అని వ్రాసినాడు. చదివిన యజమానికి తోచునది, ఇతడు ఒకప్పుడు రాత్రులు పనిచేసి మానినవాడని. తన యోగ్యతగా చెప్పదలచినదే అతనికి అడ్డమైనది. “ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్” అని వ్రాసిన, అర్థము తిన్నగా చేరెడిది.

మూడవ వాక్యమొకటి కూడ ఉన్నది. “కాయర్ ఈజ్ యూజ్డ్ టు మేక్ రోప్స్” – కొబ్బరి పీచును త్రాళ్లు పేనుటకు వాడుదురు. ఇందు అలవాటు ప్రసక్తియే లేదు, ఉపయోగము మాత్రమే. చెవికి కూడ ఇది వేరు. వాడుక అన్న అర్థమున “యూజ్డ్” అని “జ”కారము పలుకును. అలవాటు అన్న అర్థమున రెండు మాటలు కలిసి “యూస్టు” అని “స”కారము వినబడును.

నేటి నిత్యకృత్యములను చెప్పుటకు “ఐ యూజ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్” అనుట మనలో తరచు వినబడు పొరపాటు. అక్కడ “యూజ్ టు” పనికిరాదు. “ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్” అన్న చాలును. కావలెనన్న “యూజువల్లీ” చేర్చవచ్చును. చిన్నయసూరి తద్ధర్మార్థకమని పేర్కొన్న క్రియారూపము మనకును ఉన్నదే: “సూర్యుడు తూర్పున ఉదయించును.”

పరిచయమును చెప్పు “ఫెమిలియర్” అన్న మాటకును ఒక మెలిక ఉన్నది. “అమలాపురము నాకు తెలిసిన ఊరే” అనుటకు, మనిషితో మొదలుపెట్టిన “ఐ యామ్ ఫెమిలియర్ విత్ అమలాపురం”, ఊరితో మొదలుపెట్టిన “అమలాపురం ఈజ్ ఫెమిలియర్ టు మి.” “నాకు” అన్న విభక్తిని చూచి మొదటి వాక్యమున “టు” చేర్చరాదు.

ఇంటిలో పిల్లలున్నవారు వారిచేత రెండేసి వాక్యములు వ్రాయింపుడు: ఒకప్పుడు చేసి మానినది ఒకటి, ఇప్పుడు సుళువుగా చేయగలుగుచున్నది ఒకటి. వ్రాసిన పిమ్మట “ఇది గడచినదా, నిలిచియున్నదా?” అని అడుగుడు. ఆ ప్రశ్నకు సరియైన జవాబు తోచిన పిల్లవానికి ఈ వాక్యములు మరల తారుమారు కావు.